వెట్టి నుంచి పరిచర్యకు: తెలుగు గ్రామ క్రైస్తవ సంఘాలలో ప్రార్థనాలయ సంరక్షణ

వ్యాససంగ్రహం:
తెలుగు నేలపై క్రైస్తవ ప్రార్థనాలయాల చరిత్ర ఎక్కువగా వాటిని కట్టించినవారి చరిత్రగా రచింపబడింది. తరతరాలుగా ఆ కట్టడాలను ఊడ్చి, అలికి, కప్పు నేసి, సున్నం వేసి నిలబెట్టిన సామాన్య సభ్యుల శ్రమ ఆ రచనలో కనిపించదు. ఒంగోలు, దోర్నకల్, మెదక్ ప్రాంతాల అనుభవాలను ఆధారం చేసుకొని, వెట్టిచాకిరీ కింద నలిగిన కులాలకు తమ గుడి కోసం తామే కూలి లేకుండా పని చేయడం ఏ అర్థాన్నిచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వెట్టి, పరిచర్య, గ్రామ సంఘం, గుప్పెడు బియ్యం, శ్రమదానం, దోర్నకల్, ఒంగోలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియకు చరిత్ర రచనలో ఉన్నంత పలుకుబడి మరే క్రియారూపానికీ లేదు. చెరువును రెడ్డిరాజులు తవ్వించారు, కోటను కాకతీయులు కట్టించారు, మెదక్ చర్చిని పాస్నెట్ దొర కట్టించారు. తవ్వినవారు, కట్టినవారు ఆ వాక్యంలో ఉండరు. ఆ తరువాత వందేళ్ళపాటు దాన్ని చూసుకున్నవారి సంగతి సరేసరి, వారికి వాక్యమే లేదు. నిర్మాణం ఒక తేదీన పూర్తవుతుంది గనుక శిలాఫలకానికి అందుతుంది. సంరక్షణకు తేదీ లేదు. అది ప్రతి శనివారం సాయంత్రం మళ్ళీ మొదలవుతుంది.

క్రైస్తవ మిషన్ల చరిత్రకు మనకున్న ఆధారాలు ఈ లోటును మరింత పెంచాయి. మిషనరీ నివేదికలు విదేశాలలోని దాతల కోసం రాసినవి. వాటిలో బాప్తిస్మముల లెక్కలుంటాయి, పాఠశాలల లెక్కలుంటాయి, వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు ఉంటాయి. డబ్బు చేతులు మారని పని ఖర్చు పద్దులోకి ఎక్కదు. కాబట్టి సభ్యులు ఉచితంగా చేసిన పని ఎంత ఎక్కువైతే, ఆ గుడి కాగితాలలో అంత తక్కువగా కనబడుతుంది. ఈ విచిత్రాన్ని దృష్టిలో ఉంచుకోకుండా గ్రామ సంఘాల చరిత్రను చదవడం సాధ్యం కాదని నా అభిప్రాయం.

2. ఆదివారం ఎవరిది?

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైనప్పటికీ చాలాకాలం నెల్లూరు దాటి విస్తరించలేదు. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘట్టం ప్రసిద్ధమే. 1876-78 నాటి కరవు, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని క్లౌ గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించడం, సహాయ కార్యక్రమం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేయడం కూడా పరిశోధకులకు తెలిసినవే. ఈ వ్యాసానికి కావలసింది ఆ పెద్ద సంఖ్య కాదు. అంతకుముందే మాదిగ పల్లెలలో మొదలైన ఒక చిన్న పేచీ.

క్లౌ తన గ్రంథం 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'లో కొత్త విశ్వాసులకు పెట్టిన మూడు నియమాలను ప్రస్తావించారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతాచారానికి సంబంధించిన నిషేధాలు. పల్లె ఆర్థిక వ్యవస్థ వైపు నుంచి చూస్తే మూడూ మూడు రకాల సహాయ నిరాకరణలు. మాదిగ కుటుంబం రైతుకు తోలుపని, మోట తొండాలు, చెప్పులు సమకూర్చాలి. జాతరలో డప్పు కొట్టాలి. పిలిచిన పూట పోవాలి. దానికి ప్రతిఫలంగా కళ్ళంలో కొంత గింజ, చచ్చిన పశువు దక్కుతాయి. ఇందులో కొంతభాగం వృత్తి సేవ, కొంతభాగం నిఖార్సైన వెట్టి. రెంటి మధ్య గీత ఎక్కడుందో నిర్ణయించే అధికారం మాత్రం చేసేవాడికి లేదు.

ఆ స్థితిలో వారంలో ఒకరోజు రానని చెప్పడం చిన్న విషయం కాదు. అందుకే ఊరి పెద్దలు ప్రతిఘటించారు. బావులు మూయించడం, పని మాన్పించడం, కొట్టడం వంటి సంఘటనలు క్లౌ రచనలోనే ఉన్నాయి. ఇక్కడ సాధారణంగా చరిత్రకారులు ఆగిపోతారు. ఆదివారం రైతు పొలానికి పోని ఆ మనిషి ఆ రోజు ఏం చేశాడన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆరాధనకు పోయాడన్నది సగం జవాబే. ఆరాధన జరగాలంటే ఒక చోటు కావాలి. ఆ చోటును ఊడ్చాలి, నీళ్ళు చల్లాలి, చాపలు పరచాలి, దీపంలో నూనె పోయాలి. ఊరి గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనుషులు, ఊరందరి పనులూ కూలి లేకుండా చేసిన మనుషులు, మొట్టమొదటిసారి తమదంటూ ఒక చోటు కోసం కూలి అడగకుండా పని చేశారు.

వెట్టికీ ఈ పనికీ తేడా ఎక్కడుంది? రెండింటికీ కూలి లేదు. చాలాసార్లు పని కూడా ఒక్కటే. మట్టి మోయడం, గోడ పెట్టడం, ఊడవడం. తేడా పిలుపులో ఉంది, నిరాకరించగల వీలులో ఉంది, పని ముగిశాక ఆ నీడలో కూర్చునేది ఎవరన్నదానిలో ఉంది. తెలంగాణలో వెట్టి ఎంత సర్వవ్యాప్తమో మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము' చదివినవారికి చెప్పనక్కరలేదు. ఆ వెట్టి చేసిన కులాలే నిజాం రాజ్యంలోని దోర్నకల్, మెదక్ ప్రాంతాల సంఘాలలోనూ అధిక సంఖ్యాకులు. వారి శ్రమదానాన్ని కేవలం భక్తిగా చూపే సంఘ చరిత్రలు, కేవలం మిషనరీ దోపిడీగా చూపే విమర్శలు ఈ తేడాను ఒకే విధంగా జారవిడిచాయి.

3. తాటాకు కప్పు నేర్పిన సహకారం

తొలి తరం గ్రామ ప్రార్థనాలయాన్ని 'చర్చి' అని పిలవడమే ఒక విధంగా తప్పుదారి పట్టిస్తుంది. మట్టి గోడలు, తాటాకు లేదా రెల్లు కప్పు, పేడతో అలికిన నేల. పగలు అదే బడి. బడి పంతులే ఉపదేశి. సాయంత్రం అదే ప్రార్థన చోటు, అవసరమైతే పల్లె పంచాయితీ చోటు. గంటకు బదులు చాలాచోట్ల వేలాడదీసిన రైలు పట్టా ముక్క.

ఇటువంటి కట్టడాన్ని ఒకసారి కట్టి వదిలేయడం కుదరదు. వానాకాలానికి ముందు కప్పు చూసుకోవాలి. తాటాకు కొన్నేళ్ళకు చివికిపోతుంది, ఎలుకలు, చెదలు, గాలివాన దాన్ని ఇంకా ముందే తీసుకుపోతాయి. తీర ప్రాంతంలో తుఫాను వచ్చిన ఏడాది మొత్తం కొత్తగా వేయాల్సిందే. ఆకు కొట్టేవారు, మోసేవారు, వాసాలు సరిచేసేవారు, పైకెక్కి కప్పేవారు, కింద నుంచి అందించేవారు. ఒకరిద్దరితో ఈ పని కాదు. పల్లెలో ఇళ్ళు కప్పుకోవడానికి అప్పటికే చేసాయం ఉండేది. ఈవేళ నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. గుడి కప్పు ఆ పద్ధతిలోకే చేరింది. ఒక్క మార్పు జరిగింది. గుడి ఎవరి ఇల్లూ కాదు గనుక, తిరిగి సాయం చేయవలసిన ఇంటివాడు లేడు. బదులు తీర్చే మనిషి లేని సాయం కనుకనే అది అందరి బాధ్యతగా మారి, ఎవరి ఇంటినుంచి మనిషి రాలేదో లెక్క చూసే అలవాటు వచ్చింది. ఆ లెక్క చూసింది సంఘ పెద్దలు.

ఈ 'పెద్దలు' ఎక్కడినుంచి వచ్చారు? బాప్టిస్టు, లూథరన్, ఆంగ్లికన్ సంప్రదాయాలు వేటికవి బైబిలులోని పెద్దల వ్యవస్థను ఆధారంగా చూపుతాయి. పల్లెలో జరిగింది మరొకటి. కులానికి అప్పటికే పెద్దలున్నారు. తగవులు తీర్చేవారు, తప్పు వేసేవారు వారే. క్లౌ తన పనిలో ఈ పెద్దలను పక్కన పెట్టలేదు, వారి ద్వారానే పని నడిపించారు. కుల పంచాయితీ అధికారమే సంఘ పంచాయితీలోకి ప్రవహించింది. కాబట్టి గుడి పనికి రాని ఇంటిపై తప్పు వేయడం, లేదా చందా బాకీని పెళ్ళి సమయంలో అడగడం వంటి పద్ధతులు విదేశీ సంఘ నిబంధనల నుంచి రాలేదు. ఇక్కడ స్వచ్ఛందానికీ నిర్బంధానికీ మధ్య గీత కొంత మసకబారుతుందని ఒప్పుకోవాలి. వెట్టి నుంచి బయటపడిన మనిషి తన కుల పెద్ద మాటకు కట్టుబడే పని చేశాడన్నది నిజమే. అయితే ఆ పెద్ద అతని మధ్యవాడు, ఆ మాటను సభలో ఎదిరించే వీలు ఉంది. ఎదిరించిన సందర్భాలు సంఘాల చీలికల రూపంలో కావలసినన్ని కనిపిస్తాయి!

ఉపన్యాసాలు ఈ పనికి బైబిలు నుంచి ఆధారాలు వెతికాయి. నెహెమ్యా గ్రంథంలో యెరూషలేము ప్రాకారాన్ని ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వారు బాగుచేసుకున్న వృత్తాంతం, నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం కోసం ప్రజలు అవసరానికి మించి తేగా మోషే ఇక చాలని ఆపించిన వృత్తాంతం ఇందుకు అనువైనవి. రెండోది పల్లె సంఘంలో ఎన్నడైనా జరిగిందా అన్నది వేరే సంగతి.

తాటాకు స్థానంలో పెంకు, పెంకు స్థానంలో సిమెంటు శ్లాబు వచ్చాయి. కట్టడం బలపడిన కొద్దీ కలిసి చేసే పని తగ్గింది. శ్లాబుకు ఏటేటా మనుషులు అక్కరలేదు. కారినప్పుడు మేస్త్రీ కావాలి, మేస్త్రీకి డబ్బు కావాలి. శ్రమ చందాగా మారింది. పట్నానికో గల్ఫుకో పోయిన కొడుకు ప్రహరీగోడకు పంపిన మొత్తం పాలరాతి పలకపై ఎక్కుతుంది. ఏటా కప్పు నేసిన అతని తాత పేరు ఎక్కలేదు, ఎక్కడానికి పలక కూడా లేదు. ఇప్పటికీ మిగిలిన ఉమ్మడి పని క్రిస్మసు ముందు సున్నం వేయడం, రంగు కాగితాలు కట్టడం, నక్షత్రం ఎక్కించడం. దీన్ని యువజనులు చేస్తారు. పాత కప్పు పనిలోని హుషారు కొంత ఇందులో కనబడుతుంది.

4. దోర్నకల్: గుప్పెడు బియ్యం

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై గ్రామంలో 1874లో జన్మించారు. తండ్రి గ్రామ గురువు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో, సొంత మనుషులతో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ వెనుక అజరయ్య ఉన్నారు. ఆ సంస్థ ఎన్నుకొన్న క్షేత్రమే నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అప్పటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనను ముందుకు తెచ్చినవారిలో ముఖ్యులు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే మరణించారు.

తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెలలో తిరిగారు. ఆయన పాలనలో మనకు ముఖ్యమైనది ఒక పట్టుదల. పేద సంఘం కూడా ఇవ్వాలి, ఇవ్వగలదు అన్నది. ఇవ్వడం గురించి ఆయన ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. విదేశీ ధనంతో నడిచే సంఘం ఎప్పటికీ విదేశీ సంఘమే అన్న రాజకీయ వివేకం దీని వెనుక ఉంది. 1910 ఎడింబరో మహాసభలో మిషనరీల నుంచి స్నేహాన్ని కోరిన మనిషి, సమానత్వానికి ఆర్థిక పునాది కావాలని గుర్తించకుండా ఉండలేదు.

నగదు లేని పల్లెలో ఇవ్వడానికి ఏముంటుంది? ఇందుకు దొరికిన జవాబులలో గుప్పెడు బియ్యం ఒకటి. ఇల్లాలు వంటకు ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంత గుడికి వస్తుంది. దోర్నకల్ అధ్యక్షఖండంలోనే కాక ఇతర తెలుగు సంఘాలలోనూ ఈ పద్ధతి పాదుకొన్నది. మిజోరం సంఘాలలో 1910లో మొదలైన 'బుహ్‌ఫాయ్ థామ్' కూడా ఇటువంటిదే. అక్కడ అది సంఘ ఆదాయానికి ప్రధానమైన ఆధారాలలో ఒకటిగా ఎదిగింది. మన దగ్గర అంత ఎదగలేదు. కోత పండుగనాడు ధాన్యపు బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు, గుడ్లు గుడిలో పోగుపడి, ఆరాధన తరువాత వేలంలో అమ్ముడుపోవడం మాత్రం నేటికీ చూడవచ్చు. వేలంలో ఒక కోడిని ముగ్గురు కొని మళ్ళీ మళ్ళీ కానుకగా ఇచ్చేయడం ఆ రోజు సరదాలలో ఒకటి.

ఈ గుప్పెడు బియ్యాన్ని సంఘ చరిత్రలు దానంగా లెక్కిస్తాయి. ఇది శ్రమ కూడా. ఇంటిల్లిపాదికీ సరిపోని గింజలోంచి ఆ గుప్పెడు తీసిన పూట, చివరన కూర్చునే ఇల్లాలి కంచంలోంచే అది తగ్గి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. అమ్మిన బియ్యం డబ్బుతో దీపం నూనె, చాపలు, ఉపదేశి జీతంలో కొంత భాగం. అంటే గుడి రోజువారీ సంరక్షణను స్త్రీలు రెండు మార్గాలలో మోశారు. ఒకటి చీపురుతో, రెండోది ముంతతో.

దోర్నకల్‌లోని ప్రత్యక్షత మహాదేవాలయం ఈ నేపథ్యంలో చూడదగినది. గుమ్మటాలు, మినార్లను తలపించే బురుజులు, దేవాలయ మండపాలను గుర్తుచేసే స్తంభాలు కలిసిన ఆ కట్టడం పని డబ్బు అందినప్పుడు సాగుతూ, అందనప్పుడు ఆగుతూ ఏళ్ళ తరబడి నడిచింది. ప్రత్యక్షత పండుగ రోజైన 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. శైలీ సమ్మేళనం గురించి చాలామంది రాశారు. ఆలస్యం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నా దృష్టిలో ఆ ఆలస్యమే ఆ కట్టడం గురించిన అసలు సమాచారం.

5. మెదక్: వేరొక నమూనా

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ మహాదేవాలయానిది భిన్నమైన కథ. కరవు కాలంలో పనికి ఆహారం కల్పించే మార్గంగా దాని నిర్మాణం సాగిందని ప్రసిద్ధి. రెండువందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గోపురం. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు. ఇక్కడి శ్రమ స్వచ్ఛందం కాదు, కూలి. ఆకలి తీర్చిన కూలి గనుక దాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే ఇంత పెద్ద కట్టడాన్ని ఒక పల్లె సంఘం చీపురు పట్టి కాపాడలేదు. పర్యాటకులు, ఉద్యోగులు, మరమ్మతు నిధులు అన్నీ అవసరమవుతాయి. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని పల్లె గుడికి ఇవేవీ లేవు, సభ్యులున్నారు. ఒకే అధ్యక్షఖండంలో రెండు సంరక్షణ వ్యవస్థలు పక్కపక్కన నడిచాయన్నమాట.

6. చీపురు ఎవరి చేతిలో?

గుడిని ఊడ్చేది ఎవరు అన్న ప్రశ్న తెలుగు సమాజంలో అమాయకమైనది కాదు. ఊడవడం పని మాత్రమే కాదు, కులసూచిక కూడా. ఒంగోలు బాప్టిస్టు సంఘాలలో మాదిగలు, గుంటూరు లూథరన్, ఆంగ్లికన్ సంఘాలలో మాలలు అధికంగా చేరడం వల్ల ఒక్కొక్క పల్లె గుడి సాధారణంగా ఒకే కులానిదిగా మిగిలింది. అక్కడ చీపురు ప్రశ్న స్త్రీ పురుషుల మధ్య మాత్రమే తలెత్తింది, తేలికగా స్త్రీల వైపే తేలింది. రెండు కులాలూ ఉన్నచోట, తరువాత 1930ల నుంచి కొన్ని రైతు కుటుంబాలు చేరినచోట సమస్య జటిలమైంది. ఒకే పాత్రలోంచి ప్రభు రాత్రి భోజనం తీసుకోవడంపై సంఘాధికారులు పట్టుబట్టారు; చీపురు వంతులపై అలాంటి పట్టుదల కనిపించదు. బల్ల దగ్గరి సమానత్వం వేదాంత విషయం, నేల దగ్గరి సమానత్వం సంఘ కమిటీ విషయం.

భాష కూడా దీన్ని పట్టి ఇస్తుంది. తెలుగు బైబిలు 'దాసుడు', 'పరిచర్య' అన్న మాటలను గౌరవ పదాలు చేసింది. దాస్యం అనుభవించిన మనుషులు తమను దేవుని దాసులుగా పిలుచుకోవడంలో ఊరి దొరను తోసిపుచ్చే ధ్వని ఉంది. కానీ నేటి క్రైస్తవుల వాడుకలో 'సేవ చేస్తున్నారు' అంటే బోధిస్తున్నారని అర్థం. 'సేవకుడు' అంటే పాస్టరు. గుడి కడిగే మనిషిని సేవకురాలు అనరు. చేతిపని నుంచి వేదిక మీదికి ఆ పదం ప్రయాణించిన తీరు విడిగా పరిశోధించదగిన అంశం.

7. హక్కు పత్రం, పనివంతుల పుస్తకం

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు అందులో కలిశాయి. బాప్టిస్టులు, 1927లోనే ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడినవారు కలవలేదు. ఏకమైన సంఘం ఆస్తుల కోసం ట్రస్ట్ అసోసియేషన్ అన్న చట్టబద్ధ సంస్థ ఏర్పడింది. బాప్టిస్టు సిద్ధాంతంలో స్థానిక సంఘమే సర్వాధికారి అయినా, మిషన్ కొన్న స్థలాలు మిషన్ పేరనే ఉండేవి. మొత్తం మీద ఏ శాఖలో చూసినా గుడిని కాపాడిన మనుషుల పేరు ఆ స్థలపు పత్రంలో ఉండటం అరుదు. స్థల వివాదం న్యాయస్థానానికి పోయినప్పుడు దస్తావేజు మాట్లాడుతుంది. మూడు తరాలు వేసిన కప్పు మాట్లాడదు.

కాబట్టి పరిశోధకులు వెతకవలసినవి కేంద్ర కార్యాలయాల భాండాగారాలలో ఉండకపోవచ్చు. చందా పుస్తకాలు, సంఘ కమిటీ మినిట్సు, స్త్రీల సమాజపు బియ్యం లెక్కలు, ఇంటింటి వంతులు రాసిన నోటుపుస్తకాలు పల్లెలలో కోశాధికారుల ట్రంకు పెట్టెలలో ఉంటాయి. కోశాధికారి మారినప్పుడు కొన్ని పోతాయి, పాత గుడి పడగొట్టి కొత్తది కట్టినప్పుడు మరికొన్ని. వాటిని చదివేటప్పుడు మొత్తాల కంటే బాకీల గడిని ముందు చూడాలి. ఏ ఏడాది ఎన్ని ఇళ్ళు ఇవ్వలేకపోయాయో ఆ గడి చెబుతుంది. పక్కన పెద్దలు రాసుకున్న కారణం ఉంటే, వర్షాభావమో వలసో ఊరివారితో తగవో, ఆ పల్లె చరిత్ర అక్కడే దొరుకుతుంది.